బ్యాకప్ మొదలవగానే నోడ్ ఎందుకు రీస్టార్ట్ అవుతోంది? క్లస్టర్‌కి ప్రైవేట్ లింక్ వేసుకునే పద్ధతి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. రాయగడలో ఒక నర్సింగ్ హోమ్. మూడు సర్వర్లతో ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్, అంటే వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ వేసి మూడింటినీ ఒక జట్టుగా కలిపారు. జట్టులో ఒక్కో సర్వర్‌ని నోడ్ అంటారు. ఒక్కో సర్వర్‌కి నాలుగు గిగాబిట్ పోర్టులున్నా వాడుతున్నది ఒక్కటే. మూడు సర్వర్లూ, బ్యాకప్ పడే నాస్ పెట్టె, రిసెప్షన్ కంప్యూటర్లు, సీసీ కెమెరాలు అన్నీ ఒకే 24 పోర్టుల స్విచ్ మీద ఉన్నాయి. రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికి ఏదో ఒక నోడ్ ప్రాక్స్‌మాక్స్ స్క్రీన్ మీద ఎర్రగా అయిపోతోంది. రెండుసార్లు నోడ్ దానంతట అదే రీస్టార్ట్ అయింది. వీలాన్ (ఒకే స్విచ్‌ని సెట్టింగులతో వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయడం) వేస్తే చాలా, వేరే కేబుల్ లాగాలా, ఏ ఐపీలు పెట్టాలి, గుణుపూర్ బ్రాంచిలో ఉన్న సర్వర్‌ని నాలుగో నోడ్‌గా కలపవచ్చా? ఇవీ మీ సందేహాలు.

ముందు ఈ రాత్రి గట్టెక్కే పని చెప్తాను. బ్యాకప్ సెట్టింగుల్లో బ్యాండ్‌విడ్త్ లిమిట్ అని ఉంటుంది. ఒక్కో నోడ్‌కి సెకనుకి 30 ఎంబీ దగ్గర కట్టేయండి. కాన్ఫిగ్ ఫైల్లో రాసేటట్టయితే ఆ అంకె కేబీల్లో అడుగుతుంది కాబట్టి 30720 అని రాయాలి. గిగాబిట్ పోర్టు అంటే లెక్కప్రకారం సెకనుకి 125 ఎంబీ. మూడు నోడ్లూ ఒకేసారి పంపినా 90 దాటదు కాబట్టి నాస్ వైపు పోర్టు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. బ్యాకప్ తెల్లవారుజాము దాకా సాగుతుంది, సాగనివ్వండి. కేబుళ్లు వచ్చేదాకా అలా నడుస్తుంది.

ఇప్పుడు కారణం. మీరు పంపిన లాగ్‌లో అసలు సంగతంతా ఒక్క లైన్లో ఉంది: "2737 మిల్లీసెకన్లుగా టోకెన్ అందలేదు". ఈ 2737 ఏదో గాలివాటం అంకె కాదు. క్లస్టర్‌లో నోడ్లు బతికే ఉన్నాయా లేదా అని చూసే ప్రోగ్రామ్ కోరోసింక్. అది టోకెన్ అనే చిన్న సందేశాన్ని నోడ్ల మధ్య ఆపకుండా తిప్పుతూ ఉంటుంది. టోకెన్ కోసం అది ఎదురుచూసే సమయం ఇప్పటి వెర్షన్లలో మామూలుగా 3000 మిల్లీసెకన్లు. రెండు దాటిన ప్రతి నోడ్‌కీ ఇంకో 650 కలుస్తుంది. మీకు మూడు నోడ్లు కాబట్టి 3650. అందులో ముప్పాతిక వంతు గడిచినా టోకెన్ రాకపోతే హెచ్చరిక రాస్తుంది, అదే 2737. మొత్తం 3650 గడిస్తే "ఒక నోడ్ పోయింది" అని తేల్చి, మిగతావాటితో కొత్త జట్టు కట్టడానికి ఇంకో 4380 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. మీ లాగ్‌లో ఆ అంకె కూడా కనిపిస్తుంది, వెతకండి.

అంటే మీ సెట్టింగులు ఎవరూ కెలకలేదు, అన్నీ వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. తప్పు దారిది. టోకెన్ సైజు చాలా చిన్నది, దానికి బ్యాండ్‌విడ్త్ పెద్దగా అక్కర్లేదు. కావలసింది సమయానికి చేరడం. నోడ్ల మధ్య లేటెన్సీ, అంటే సందేశం చేరడానికి పట్టే సమయం, 5 మిల్లీసెకన్ల లోపు, అదీ నిలకడగా ఉండాలి. ఒకే పోర్టులోంచి బ్యాకప్ డేటా వరదలా పోతుంటే టోకెన్ ప్యాకెట్లు క్యూలో వెనకబడతాయి, కొన్ని పడిపోతాయి కూడా. పగలు ఏ టెన్షనూ లేకుండా నడిచి రాత్రే పడిపోతోందంటే అందుకే.

నోడ్ తనంతట తాను రీస్టార్ట్ కావడం మాత్రం దీని మీద ఇంకో మెట్టు. మీరు హై అవైలబిలిటీ (ఒక నోడ్ పోతే దాని మెషీన్‌ని ఇంకో నోడ్ మీద తనే లేపే ఏర్పాటు) ఆన్ చేసి, పేషెంట్ రికార్డుల వర్చువల్ మెషీన్‌ని దానికింద పెట్టారు కదా. అలాంటి మెషీన్ నడుస్తున్న నోడ్‌కి కోరం పోతే, అంటే నోడ్‌కొకటి చొప్పున ఉన్న మూడు ఓట్లలో రెండు కనబడకపోతే, వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ 60 సెకన్లు చూసి నోడ్‌ని రీసెట్ చేసేస్తుంది. అది సర్వర్ చెడిపోయి జరిగింది కాదు, కావాలనే అలా పెట్టారు. ఒకే డిస్కు మీద రెండు నోడ్లు ఒకేసారి రాసి డేటా పాడుచేయకుండా కాపాడటానికి. కాబట్టి ర్యామ్ మార్చాలా, పవర్ సప్లై మార్చాలా అని డబ్బు తగలేయకండి.

టోకెన్ సమయం 10000కి పెంచేయమని మీకు ఎవరో చెప్పారన్నారు. నేనైతే వద్దంటాను. రద్దీ అలాగే ఉంటుంది, నిజంగా నోడ్ చచ్చిపోయినప్పుడు మాత్రం ఆ కబురు మీకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక వీలాన్. రాయగడ నుంచి పార్వతీపురం వెళ్లే రోడ్డులో లారీల వెనక అంబులెన్స్ ఇరుక్కుంటే, రోడ్డు మధ్యలో తెల్లగీత గీసినంత మాత్రాన దానికి దారి రాదు. వీలాన్ చేసేది అదే, ఎవరి ట్రాఫిక్ ఎవరిదో విడదీస్తుంది గానీ పోర్టు ఒక్కటే, ఆ 125 ఎంబీలూ ఒక్కటే. మేనేజ్డ్ స్విచ్ అయితే ప్రయారిటీ పెట్టవచ్చు, నిజమే. కానీ ఒక్కో సర్వర్‌కి మూడు పోర్టులు ఖాళీగా ఉంచుకుని ఆ తంటాలు ఎందుకు?

నేనైతే ఇలా వేస్తాను. మొదటి పోర్టు ఇప్పుడున్నట్టే ఆఫీసు నెట్‌వర్క్‌కి. రెండో పోర్టు కోరోసింక్‌కి మాత్రమే, దీనికి వేరే చిన్న స్విచ్, ఐదు పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్ చాలు. ఇంటర్నెట్, కెమెరా, నాస్ ఏదీ దాని దరిదాపుల్లోకి రాకూడదు. మూడో పోర్టు బ్యాకప్‌కి, మెషీన్లని ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి తరలించడానికి. దీనికి ఇంకో స్విచ్, నాస్‌కి రెండో పోర్టు ఉంటే దాన్ని ఇందులో పెట్టండి. నాలుగోది ఖాళీగా వదిలేయండి. పోర్టు పాడైన రోజు మీకే పనికొస్తుంది.

స్విచ్ లేకుండా సర్వర్ నుంచి సర్వర్‌కి నేరుగా కేబుల్ వేయవచ్చు కదా అని అడుగుతారు. వేయవచ్చు. మూడు నోడ్లకి మూడు కేబుళ్లు, ఒక్కో నోడ్‌లో రెండు పోర్టులు. ఇప్పటి గిగాబిట్ పోర్టులు తీగల అమరిక వాటంతట అవే సర్దుకుంటాయి, క్రాస్ కేబుల్ అని ప్రత్యేకంగా అక్కర్లేదు. చిక్కల్లా ఐపీల దగ్గరే. ఒక్కో కేబుల్ ఒక్కో చిన్న నెట్‌వర్క్ అవుతుంది, కానీ కోరోసింక్‌కి ఒక లింక్ మీద ఒక నోడ్‌కి ఒక్కటే అడ్రస్ చెప్పాలి. కాబట్టి రూటింగ్ రాసుకోవాలి, లేదా రెండు పోర్టుల్నీ బ్రాడ్‌కాస్ట్ బాండ్ చేయాలి, అంటే రెండింటినీ ఒకటిగా కట్టి ప్రతి ప్యాకెట్టూ రెండింట్లోనూ పోయేలా పెట్టాలి. పైగా రేపు నాలుగో నోడ్ వస్తే ఆరు కేబుళ్లు, ఒక్కోదానికి మూడు పోర్టులు. పది గిగాబిట్, ఇరవై ఐదు గిగాబిట్ కార్డులు వేసి, ఆ వేగానికి స్విచ్ కొనలేనప్పుడు ఈ పద్ధతి నిజంగా కలిసొస్తుంది. గిగాబిట్ కోరోసింక్‌కి ఇంత హడావిడి దండగ. మీలాంటి చోట చిన్న స్విచ్చే హాయి.

స్విచ్ అన్నాక కరెంటు సంగతి చెప్పకుండా ఉండలేను. మన వైపు వేసవి గాలివాన అంటే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. హాల్లో ఎవరో "లైన్ గలా" (కరెంటు పోయింది) అని కేకేసేలోపు సర్వర్లు యూపీఎస్ మీదకి మారిపోతాయి, బాగానే ఉంది. మరి స్విచ్ ఎక్కడ గుచ్చారు? చాలా చోట్ల సర్వర్లు యూపీఎస్ మీద, స్విచ్ గోడ సాకెట్‌లో ఉంటుంది. అప్పుడు కరెంటు పోగానే మూడు నోడ్లూ బతికే ఉంటాయి గానీ ఒకదానికొకటి కనబడవు. ఎవరికీ కోరం ఉండదు. నిమిషం దాటితే, హై అవైలబిలిటీ మెషీన్లు నడుస్తున్న నోడ్లన్నీ ఒకేసారి రీసెట్ అవుతాయి. రికార్డుల సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఉండదు. కాబట్టి పెద్ద స్విచ్ ఒక యూపీఎస్ మీద, కోరోసింక్ చిన్న స్విచ్ ఇంకో యూపీఎస్ మీద పెట్టండి. రెండో యూపీఎస్ ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, ఐదు పోర్టుల స్విచ్ తినే కరెంటు ఏపాటి. పెద్ద స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (ట్రాఫిక్ చుట్టూ తిరుగుతూ ఉండిపోకుండా చూసే ఏర్పాటు) పాత పద్ధతిలో ఉంటే, స్విచ్ లేచాక కూడా పోర్టు 30 సెకన్లు ఏమీ పంపకుండా ఆగుతుంది. ఆ 60 సెకన్లలో సగం అక్కడే పోతుంది. సర్వర్లు తగిలించిన పోర్టుల్ని ఎడ్జ్ పోర్టులుగా, అంటే ఆ ఎదురుచూపు లేని పోర్టులుగా, మార్చుకోండి.

కేబుళ్లు కొనేటప్పుడు అసలు రాగివే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవగ్గా దొరుకుతాయి, చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి, చివర కోసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. కోరోసింక్ లింక్‌కి ఒక రంగు ఎంచుకోండి, ఎరుపైతే ఎరుపు, ఆ రంగు కేబుల్ ఆ గదిలో ఇంక దేనికీ వాడవద్దు. చిట్టీలు మన తెలుగులో రాసి వదిలేయకండి. సర్వర్ గది తాళం ఉండేది ఒడియా చదివే కుర్రాడి దగ్గర అయితే, "ఈ ఎర్ర కేబుల్ ముట్టుకోవద్దు" అని ఒడియాలో కూడా ఒకటి అంటించండి. ఏ సాఫ్ట్‌వేర్ సెట్టింగుకీ లేనంత ఉపయోగం ఆ కాగితానికి ఉంది.

ఇప్పుడు ఐపీలు. ఇక్కడే ఎక్కువమంది బోర్లా పడతారు.

ప్రైవేట్ వాడకానికి విడిచిన అడ్రసులు మూడు గుంపులు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. మీ ఆఫీసు 192.168.1లో ఉంది కాబట్టి ప్రైవేట్ లింక్‌కి 192.168 వైపు వెళ్లకండి. ప్రతి బ్రాడ్‌బ్యాండ్ రౌటరూ అవే ఇస్తుంది, గుణుపూర్ బ్రాంచితో ఎప్పుడైనా వీపీఎన్ కలిపితే ఢీకొంటాయి. 172.17ని డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) తనంతట తాను వాడేసుకుంటుంది. 10 వైపు వెళ్లండి. కోరోసింక్‌కి 10.10.10.0, బ్యాకప్‌కి 10.20.20.0, రెండూ 24 బిట్ల మాస్క్. చివరి అంకె అన్ని నెట్‌వర్కుల్లో ఒక్కటే ఉంచండి: మొదటి నోడ్ ఎక్కడైనా 11, రెండోది 12, మూడోది 13. అర్ధరాత్రి ఫోన్లో ఎవరైనా లాగ్ చదివి వినిపిస్తే ఏ నోడో వెంటనే తెలిసిపోతుంది.

రెండో పోర్టుకి కూడా 192.168.1లోనే ఇంకో ఐపీ ఇస్తే పోదా అనుకోవద్దు. పని చేసినట్టే కనబడుతుంది. కానీ ఒకే నెట్‌వర్క్‌లో రెండు పోర్టులుంటే లైనక్స్ ఒక పోర్టు అడ్రస్ కోసం వచ్చిన ప్రశ్నకి ఇంకో పోర్టులోంచి కూడా జవాబిస్తుంది. బయటికి పోయే ప్యాకెట్లు కూడా రూటింగ్ పట్టికలో ఏది ముందుంటే ఆ పోర్టులోంచే పోతాయి. మీరు రెండు దార్లు వేశాననుకుంటారు, ట్రాఫిక్ అంతా పాత దార్లోనే నడుస్తుంటుంది. ఒక్కో పోర్టుకి ఒక్కో నెట్‌వర్క్. ఇందులో బేరం లేదు.

రెండోది గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్కులకి వెళ్లే దారి అడ్రస్. అది ఆఫీసు నెట్‌వర్క్ ఉన్న బ్రిడ్జికి (వర్చువల్ మెషీన్లని పోర్టుకి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఒక్కదానికే. ప్రైవేట్ పోర్టుల దగ్గర ఆ గడి ఖాళీగా వదిలేయండి. అక్కడి నుంచి ఎక్కడికీ వెళ్లేది లేదు కదా. డీఎన్ఎస్ కూడా అక్కర్లేదు. ప్రైవేట్ పోర్టుకి బ్రిడ్జి కూడా వద్దు, వర్చువల్ మెషీన్లు దాని మీదకి ఎక్కకూడదు కాబట్టి ఐపీ నేరుగా పోర్టు మీదే పెట్టండి.

హోస్ట్స్ ఫైల్ (ఏ పేరుకి ఏ ఐపీయో రాసి ఉండే చోటు) కూడా ఒకసారి తెరిచి చూడండి. డెబియన్ వేసి దానిమీద ప్రాక్స్‌మాక్స్ వేసుకున్నవాళ్లకి నోడ్ పేరు పక్కన 127.0.1.1 అని ఉండిపోతుంది. అక్కడ నోడ్ అసలు ఐపీ ఉండాలి. కోరోసింక్ కాన్ఫిగ్‌లో మాత్రం పేర్లు కాకుండా ఐపీలే రాయండి.

సర్వర్ వెనకాల ఏ పోర్టు ఏదో తెలియడం ఇంకో తలనొప్పి. పెట్టె మీద ఒకటి, రెండు అని ఉన్న అంకెలు లైనక్స్ పెట్టే పేర్లతో కలవాలని లేదు. ఇథ్‌టూల్ కమాండ్‌కి మైనస్ పి అని చేర్చి పోర్టు పేరు ఇవ్వండి, ఆ పోర్టు దగ్గర లైటు మిణుకు మిణుకుమంటూ వెలుగుతుంది. వెనక్కి వెళ్లి ఏది మెరుస్తోందో చూసి, దానికి ఎర్ర కేబుల్ గుచ్చి, కాగితం మీద రాసుకోండి. మూడు సర్వర్లు ఒకే మోడల్ అయినా మూడింటికీ విడివిడిగా చూడండి.

కేబుళ్లు గుచ్చి, ఐపీలు పెట్టి, నెట్‌వర్క్ రీలోడ్ చేశాక కోరోసింక్ జోలికి వెంటనే పోకండి. ముందు పింగ్. ఒక నోడ్ నుంచి మిగతా రెండింటికీ ప్రైవేట్ అడ్రస్‌కి పింగ్ పెట్టి వదిలేయండి, ఆ పక్కనే చేత్తో బ్యాకప్ మొదలుపెట్టండి. చిన్న స్విచ్ మీద సమయం మిల్లీసెకను లోపే ఉండాలి, బ్యాకప్ నడుస్తున్నా కదలకూడదు. ఆఫీసు అడ్రస్‌కి కూడా ఇంకో విండోలో పెడితే తేడా కళ్లారా చూస్తారు. ప్రైవేట్ పింగ్ కూడా ఎగిరిపడుతుంటే మీ ట్రాఫిక్ ఇంకా పాత పోర్టులోంచే పోతోందన్నమాట. ఐపీ రూట్ గెట్ అని కొట్టి అవతలి అడ్రస్ ఇస్తే ఏ పోర్టులోంచి వెళ్తుందో చెప్తుంది.

కోరోసింక్ మార్పులో నా పద్ధతి ఒకటే: కొత్తది కలపడం, పాతది తీయకపోవడం. ప్రాక్స్‌మాక్స్ 6 నుంచి, అంటే 2019 నుంచి, కోరోసింక్ 3 వస్తోంది. అందులో సందేశాల్ని మోసే క్రోనోస్‌నెట్ అనే భాగం ఉంది, ఎనిమిది లింకుల దాకా పెట్టుకోవచ్చు, ఒకటి తెగితే ఇంకోదానికి తనే మారుతుంది. అందుకే కోరోసింక్ కోసం పోర్టుల్ని బాండ్ చేయాల్సిన పని లేదు. ఇప్పుడున్న ఆఫీసు దారి లింక్ 0గానే ఉండనివ్వండి. కొత్త ప్రైవేట్ దారిని లింక్ 1గా చేర్చి దానికి ప్రయారిటీ అంకె ఎక్కువ ఇవ్వండి. ఆఫీసుకి 10, ప్రైవేట్‌కి 20 అనుకోండి. ఇక్కడ పెద్ద అంకెకే పెద్దపీట. మామూలుగా టోకెన్ ఎర్ర కేబుల్‌లో తిరుగుతుంది, అది తెగితే ఆఫీసు దారి పడుతుంది. రెండో దారిగా బ్యాకప్ నెట్‌వర్క్‌ని మాత్రం పెట్టకండి, మళ్లీ మొదటికే వస్తుంది.

మార్చే ముందు మూడు నోడ్లూ పచ్చగా ఉండాలి. తర్వాత హై అవైలబిలిటీ సర్వీసులు ఆపండి: ముందు మూడు నోడ్లలోనూ ఎల్ఆర్ఎం (ఆ నోడ్‌లోని మెషీన్లని చూసుకునేది), అన్నిట్లో ఆగిందని చూసుకున్నాక మూడింట్లోనూ సీఆర్ఎం (క్లస్టర్ మొత్తానికి నిర్ణయాలు తీసుకునేది). ఇలా చేస్తే మధ్యలో ఏదైనా తేడా వచ్చినా వాచ్‌డాగ్ మీద పడదు. క్లస్టర్ అంతటికీ ఉమ్మడిగా ఉండే పీవీఈ ఫోల్డర్‌లో ఉన్న కోరోసింక్ కాన్ఫిగ్‌ని నేరుగా ఎడిట్ చేయకండి. సేవ్ కొట్టిన క్షణంలో అది మూడు నోడ్లకీ వెళ్లిపోతుంది, సగం రాసిన లైన్‌తో సహా. ఒక కాపీ బయట దాచుకోండి, ఇంకో కాపీకి చివర న్యూ అని పేరు పెట్టి దాంట్లో రాయండి. ప్రతి నోడ్ దగ్గరా రింగ్0 అడ్రస్ కింద రింగ్1 అడ్రస్ చేర్చాలి, కింద టోటెమ్ భాగంలో లింక్ నంబర్ 1కి ఇంకో ఇంటర్‌ఫేస్ ముక్క రాసి, రెండింటికీ ప్రయారిటీలు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాన్ఫిగ్ వెర్షన్ అంకెని ఒకటి పెంచాలి. అది మరిచిపోతే మీరు రాసిందంతా పట్టించుకోదు. అంతా రెండోసారి చదివాక పాత పేరు మీదకి మార్చండి. కొత్త లింక్ కనబడకపోతే కోరోసింక్‌ని ఒక నోడ్‌లో రీస్టార్ట్ చేసి, అది తిరిగి కలిశాకే రెండోదానికి వెళ్లండి. నోడ్లలో ఫైర్‌వాల్ మీరే రాసుకుని ఉంటే యూడీపీ 5405 నుంచి 5412 దాకా తెరిచి ఉండాలి.

కోరోసింక్ సీఎఫ్‌జీటూల్ మైనస్ ఎస్ అని కొడితే రెండు లింకులూ, ఒక్కోదాని కింద మిగతా రెండు నోడ్లూ కనెక్టెడ్ అని చూపించాలి. అప్పుడు మధ్యాహ్నం ఓపీ ఖాళీ అయ్యాక, ఒక నోడ్ ఎర్ర కేబుల్ చేత్తో పీకేయండి. లింక్ 1 పోయిందని చూపిస్తుంది గానీ నోడ్ పచ్చగానే ఉండాలి. మళ్లీ గుచ్చి, ఈసారి ఆఫీసు కేబుల్ పీకండి. ఆ తర్వాత చిన్న స్విచ్ ప్లగ్ తీసి చూడండి. మూడూ తట్టుకుంటేనే హై అవైలబిలిటీ సర్వీసులు తిరిగి మొదలుపెట్టండి.

మిగిలింది చిన్న పనులు. డేటాసెంటర్ ఆప్షన్లలో మైగ్రేషన్ నెట్‌వర్క్‌ని 10.20.20.0కి మార్చండి, నాస్ స్టోరేజీ అడ్రస్‌ని దాని కొత్త 10.20.20 ఐపీకి మార్చండి, లేకపోతే బ్యాకప్ పాత దారినే పోతుంది. జంబో ఫ్రేములు (మామూలు 1500 బైట్ల బదులు 9000 బైట్ల పెద్ద ప్యాకెట్లు) కావాలంటే ఈ నెట్‌వర్క్‌లోనే పెట్టుకోండి, అదీ నాస్, స్విచ్, మూడు నోడ్లు అన్నీ 9000 ఒప్పుకుంటేనే. ముక్కలు చేయొద్దని చెప్తూ 8972 సైజుతో పింగ్ కొడితే పోవాలి. హెడర్లు 28 బైట్లు కలిసి సరిగ్గా 9000 అవుతుంది. గిగాబిట్ మీద దీనివల్ల ఒరిగేది తక్కువే. కోరోసింక్ వైపు 1500ని ముట్టుకోవద్దు.

గుణుపూర్ సర్వర్‌ని నాలుగో నోడ్‌గా కలపడం మాత్రం వద్దు. బ్రాడ్‌బ్యాండ్ మీద వీపీఎన్ వేసుకుంటే ఆ 5 మిల్లీసెకన్లు ఒక్కోరోజు దొరుకుతాయేమో, రోజూ దొరుకుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక్క దూరపు నోడ్ ఊగిసలాడితే టోకెన్ తిరిగే వలయం మొత్తం ఊగుతుంది, రాయగడలో బాగున్న మూడూ ఇబ్బంది పడతాయి. పైగా నాలుగు నోడ్లకి కోరం మూడు ఓట్లు. మీకు ఓట్లు పెరుగుతాయి గానీ తట్టుకునే శక్తి పెరగదు: ముందూ ఒక్క నోడ్ పోతేనే తట్టుకునేది, ఇప్పుడూ అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వంశధార పొంగినప్పుడు ఆ వైపు ఏమైందో మీకు తెలిసిందే. అలాంటి రోజున రాయగడ క్లస్టర్ గుణుపూర్ లైన్ మీద ఆధారపడి ఉండకూడదు. రెండే నోడ్లు ఉన్నవాళ్లకి మూడో ఓటు కోసం క్యూడివైస్ అని ఒకటుంది. అది టీసీపీ 5403 మీద నడుస్తుంది, ఆలస్యాన్ని బాగానే ఓర్చుకుంటుంది కాబట్టి దూరంగా ఉన్నా ఫర్వాలేదు. మీకు మూడు ఉన్నాయి గనక దాని అవసరం లేదు.

గుణుపూర్ పెట్టెని విడిగా ఉంచి ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేయండి. రాయగడలో కూడా ఒకటి పెట్టి, వైర్‌గార్డ్ వీపీఎన్ మీద రాత్రిపూట సింక్ చేయండి. మారిన ముక్కలే వెళ్తాయి కాబట్టి మామూలు బ్రాడ్‌బ్యాండ్ సరిపోతుంది, లైన్ తెగినా మర్నాడు మళ్లీ అందుకుంటుంది. మొదటి కాపీ ఒక్కటే బరువు. ఆ పెట్టెని ఒకసారి రాయగడ తెప్పించి, 10.20.20 స్విచ్‌కి తగిలించి మొదటి సింక్ అక్కడే పూర్తి చేసి, అప్పుడు జీపులో గుణుపూర్ పంపించండి.